గేటు దాకా అమ్మమ్మ

జూన్ 12, సోమవారం

హెడ్మిస్ట్రెస్ ఇంటికి వచ్చింది. ఆరో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఇప్పటికీ నా ఎదుట కుర్చీ అంచునే కూర్చుంటుంది. జాతీయ సేవా పథకం కింద మా బడికి ఈ ఏడాది ఒక వాలంటీరును ఇచ్చారట. చదువు ముగించిన పిల్లలు ఒక ఏడాది పాటు ఏదో ఒక బడిలోనో, సంఘంలోనో పని చేయాలి. పెట్టుకున్నవాళ్ళు వసతి చూపాలి, పని నేర్పడానికి ఒక పెద్దను నియమించాలి. రెండింటికీ ఆవిడకు నేనే కనిపించాను. ముందుగది ఖాళీగా ఉంది. సాయంత్రం లెక్కల తరగతి పదకొండేళ్ళుగా నాదే.

"మీకు సాయంగా ఉంటుంది టీచర్‌గారూ" అంది.

"నాకు సాయం కావాలని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండీ. మీ మోకాళ్ళు..."

"నేను లెక్కలు మోకాళ్ళతో చెప్పను."

ఒప్పుకున్నాను. మంచం, బల్ల, బకెట్టు, చెంబు, దుప్పట్లు రెండు, తాళంచెవి ఒకటి. ఏమేం ఇస్తున్నానో రాసి తలుపు వెనక అతికించాను. తరవాత మాట రాకూడదు.

జూన్ 18, ఆదివారం

వాలంటీరు దిగింది. ఇరవై ఒక్కేళ్ళుంటాయి. రెండు సంచులు, ఒక గొడుగు, ముడి వేయని బూటు లేసులు. పథకం వాళ్ళు ఇచ్చిన నీలం కోటు ఇంత ఎండలోనూ విప్పదు. గుమ్మంలోనే "నమస్కారం అమ్మమ్మగారూ" అంది.

"మేడమ్ అంటే చాలు."

పాప నా వెనక నుంచి తొంగిచూసింది. మా అమ్మాయి కూతురు, అయిదో తరగతి. "బళ్ళో అయితే నేనూ అమ్మమ్మ అనకూడదు. టీచర్ అనాలి" అని ఆ పిల్లకు నియమం చెప్పింది.

"ఎక్కణ్ణించి?" అని అడిగింది ఆ పిల్ల.

"గేటు దగ్గర్నించి."

ఆ పిల్ల నవ్వింది. నవ్వడానికేముంది? గేటు దాకా అమ్మమ్మను, గేటు దాటితే టీచర్‌ను. బడిలో చుట్టరికం పనికిరాదు. మా అమ్మాయినీ అలాగే చదివించాను. ఇప్పుడు ఆసుపత్రిలో పెద్ద నర్సు.

జూన్ 21, బుధవారం

వాలంటీరును చివరి బెంచీలో కూర్చోబెట్టి తరగతి ఎలా నడపాలో చూపించాను. నా పద్ధతి ఒకటే. బోర్డు మీద తప్పు పడకూడదు. నోటుపుస్తకంలో తప్పు ఒక్కడిది, బోర్డు మీద తప్పు అందరిదీ. పదకొండేళ్ళలో నా చేతి నుంచి ఒక్కటీ పడలేదు. పిల్లలెవరైనా బోర్డు దగ్గరికి రావాలంటే ముందు నోటుపుస్తకంలో చేసి, నాకు చూపించి రావాలి.

పాప నోటుపుస్తకంలో అన్నీ సరిగ్గానే చేస్తుంది. బోర్డు దగ్గరికి రమ్మంటే మాత్రం లేచి నిలబడి తన కాళ్ళ వంక చూసుకుంటుంది. రెండేళ్ళుగా ఇదే. తెలివి లేక కాదు, నా మనవరాలు. ఈ ఏడాది పాప వచ్చి ఆ బోర్డు మీద ఒక్క లెక్క చేయాలి. నాకింకేమీ అక్కర్లేదు.

సాయంత్రం కడుపునొప్పి అంది. ఎండలో ఆడింది. వేడినీళ్ళు తాగించాను.

జూన్ 23, శుక్రవారం

పాపకు కడుపునొప్పి. పాలు మార్చాలి.

జూలై 3, సోమవారం

మోకాలు వాచింది. డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. తరగతి మేడమీద. వాలంటీరుకు అప్పగించక తప్పలేదు. ఏ రోజు ఏ పాఠమో, ఏ లెక్క తరవాత ఏ లెక్కో కాగితం మీద రాసి ఇచ్చాను. రెండుసార్లు చదివించాను. "అర్థమైందా?" అంటే "అయినట్టే ఉందండీ" అంది. అదేం జవాబు!

జూలై 5, బుధవారం

ఇద్దరూ వీధి చివర నుంచి పందెం వేసుకుని పరుగెత్తుకొచ్చారు. పాప గుమ్మం దాటకముందే "భిన్నాలు అమ్మమ్మా! నీలక్కకి అస్సలు రావు!" అని అరిచింది. నీలం కోటు వల్ల పిల్లలందరూ నీలక్క అంటున్నారట. గురువును అలాగేనా పిలిచేది?

పాప రెండోసారి వడ్డించుకుని తిన్నది. కడుపునొప్పి లేదు. పాలు మార్చడం మంచిదైంది.

జూలై 12, బుధవారం

పాప హోంవర్కు నా గది నుంచి ముందుగదికి మారింది. నన్ను అడగలేదు. నేను వద్దనలేదు. అక్కడ దీపం బాగుంటుంది కాబట్టి మారి ఉంటుంది. (ఆ దీపం నేనే వేయించాను.)

బకెట్టు కారుతోందేమో చూద్దామని అటు వెళ్ళాను. పాప నేలమీద కూర్చుని ఆ పిల్ల బూటు లేసులు కడుతోంది.

"ఇదిగో మా మేస్త్రీ. బోర్డు మీద నేను కూల్చిందంతా ఈవిడే కడుతుంది" అంది వాలంటీరు.

"నా మనవరాలు మేస్త్రీ ఏంటి? మాటలు చూసుకో" అన్నాను.

పాప తల ఎత్తలేదు. కానీ నవ్వుతోంది. ఆ నవ్వు నాకు తెలియదు. అంటే, నేను ఇంతకుముందు చూడలేదు.

బకెట్టు బాగానే ఉంది.

జూలై 14, శుక్రవారం

ఎవరికీ చెప్పకుండా బడికి వెళ్ళాను. పని నేర్పే పెద్దను నేను. తనిఖీ చేయడం నా విధి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కాను. కిటికీ పక్కన నిలబడ్డాను. దాక్కోలేదు. ఎవరూ అటు చూడలేదు, అంతే.

బోర్డు మీద సగం, మూడో వంతు కూడి, అయిదింట రెండు అని రాసి ఉంది. పైవి పైవి కలిపింది, కిందవి కిందవి కలిపింది. మూడో తరగతి పిల్లలు కూడా చేయని పని. నా ఒళ్ళు మండిపోయింది. లోపల పిల్లలు బల్లలు చరుస్తూ ఒకటే గోల.

అప్పుడు పాప లేచింది. ఎవరూ పిలవలేదు. నేరుగా బోర్డు దగ్గరికి నడిచింది.

"అక్కా, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అవుతుంది? అయిదింట రెండంటే సగం లేదు కదా!"

ఆ పిల్ల నోరు తెరిచి బోర్డు వంక చూసింది. "అబ్బా! అవును కదే! మరి ఇంతసేపూ ఇది నాకు చెప్పరేం?" అని చాక్‌పీసు పాప చేతిలో పెట్టి, వెళ్ళి పాప సీట్లో కూర్చుంది. పాప బోర్డంతా వాడుకుంది. పెట్టెలు గీసింది, గళ్ళు గీసింది, గీసింది చెరిపి మళ్ళీ గీసింది. అరచేతితో చెరిపింది. డస్టరుతో చెరపాలని నేను నేర్పాను.

ఆరింట అయిదు. సరిగ్గా చేసింది.

రెండేళ్ళు నేను పిలిచాను. వచ్చింది ఈమె దగ్గరికి.

మెట్లు దిగడం ఎక్కడం కన్నా కష్టం.

జూలై 15, శనివారం

నిన్న రాసింది చదువుకున్నాను. నేను బాధపడినట్టు ఉంది. బాధ కాదు. తప్పుడు లెక్క గురించి ఆందోళన.

ఆగస్టు 2, బుధవారం

మోకాలు తగ్గింది. తరగతి మళ్ళీ నేనే తీసుకున్నాను. వాలంటీరు పక్కన నిలబడి సాయం చేస్తుంది. సాయం అంటే, నేను ఒక వరుసలో నోటుపుస్తకాలు చూస్తుంటే మిగతా పిల్లలందరూ ఆమె చుట్టూ బెల్లం చుట్టూ చీమల్లా చేరతారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి.

పాపను బోర్డు దగ్గరికి రమ్మన్నాను. వస్తుందని నాకు తెలుసు, కళ్ళారా చూశాను కదా.

లేచి నిలబడింది. కాళ్ళ వంక చూసుకుంది.

"రావేం?"

"రాదు టీచర్."

వచ్చు. నాకు తెలుసు వచ్చునని.

సాయంత్రం కడుపునొప్పి. పాలవాడితో గట్టిగా మాట్లాడాలి.

ఆగస్టు 9, బుధవారం

సేవా కార్యాలయం నుంచి అధికారి వచ్చాడు. వాలంటీర్లు ఎలా ఉన్నారో బడి బడికీ తిరిగి అడుగుతున్నాడు. హెడ్మిస్ట్రెస్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. టీ బాగాలేదు.

"పిల్లలకి చాలా ఇష్టమండీ ఆ అమ్మాయంటే" అని హెడ్మిస్ట్రెస్ మొదలుపెట్టింది.

"మీరేమంటారు మేడమ్?" అని అధికారి నన్ను అడిగాడు.

ఉన్నది చెప్పాను. సమయానికి వస్తుంది. పరిశుభ్రంగా ఉంటుంది. అబద్ధమాడదు. లెక్కలు రావు. బోర్డు మీద భిన్నాలు తప్పు చేసింది, నా కళ్ళతో చూశాను.

"పొరపాటున అయ్యుంటుంది టీచర్‌గారూ" అంది హెడ్మిస్ట్రెస్.

"వైద్యం రాని డాక్టరు మంచివాడని సూది పొడిపించుకుంటావా?"

ఆయన గబగబా రాసుకున్నాడు. ఆ పోలిక నచ్చినట్టుంది.

నేను అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ తప్పును సరిచేసింది ఎవరో ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఆగస్టు 14, సోమవారం

వాలంటీరును తరగతి నుంచి తప్పించారు. వీధికి అవతల, సంఘం హాల్లో ఉన్న గ్రంథాలయంలో పాత పుస్తకాలకు నంబర్లు అతికించే పని ఇచ్చారు. వసతి మాత్రం మా ఇంట్లోనే.

కోపంగా ఉంటుందనుకున్నాను. భోజనాల దగ్గర నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "మీరు చెప్పింది కరెక్టే మేడమ్. నాకు లెక్కలు రావని నేనూ ముందే చెప్పాను వాళ్ళకి. వినలేదు" అంది.

పాప తినకుండా లేచింది.

ఆగస్టు 16, బుధవారం

కడుపునొప్పి.

ఆగస్టు 18, శుక్రవారం

కడుపునొప్పి. పాలు మానిపించాను.

ఆగస్టు 20, ఆదివారం

మా అమ్మాయికి ఇవాళ డ్యూటీ లేదు. బట్టలు మడత పెడుతూ అడిగింది.

"అమ్మా, దానికి నొప్పి ఏ రోజుల్లో వస్తోంది?"

"సోమ, బుధ, శుక్రవారాలు. నా లెక్క ఎప్పుడు తప్పింది?"

"నీ క్లాసు ఏ రోజుల్లో?"

నేను దుప్పటి మడత పెట్టాను.

"నేను నర్సునమ్మా. పాలు వారంలో మూడు రోజులే విరగవు. జూలై అంతా నొప్పి లేదు. నువ్వు బడికి వెళ్ళలేదు కాబట్టి. నాకూ వచ్చేది చిన్నప్పుడు."

"నీకు రాలేదు. నాకు గుర్తుంది."

"నీకు చెప్పేదాన్ని కాదు. టీచర్‌కి ఎలా చెప్తాం?"

"అయితే లెక్కలు రాని ఆ పిల్లే గొప్ప, వచ్చిన నేనే విషం. అంతేనా?"

అమ్మాయి చేతిలో చొక్కా పక్కన పెట్టింది. "ఎవరు గొప్పని ఎవరడిగారు? దానిది కడుపునొప్పి. నీది కడుపుమంట. దానికి మందుంది, నీకు లేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

దాన్ని పెంచింది ఈ చేతులే. ఎవరితో చెప్పుకోను? కొత్త ఒక వింత, పాత ఒక రోత. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల మీద నాకు అసూయా? డెబ్బై దాటాను. హాస్యాస్పదం.

ఆగస్టు 24, గురువారం

హాస్యాస్పదం అనే రాశాను. సరే. అది ఉంది. ఎన్నింటికి మొదలవుతుందో కూడా తెలుసు. పాప బడి నుంచి వచ్చి, బూట్లు విప్పి, నా గది దాటి ముందుగది వైపు వెళ్ళే ఆ నాలుగడుగుల దగ్గర.

ఆగస్టు 27, ఆదివారం

మధ్యాహ్నం పాప నిద్రపోయాక ముందుగది తలుపు తట్టాను. నా ఇంట్లో తలుపు తట్టడం ఇదే మొదలు. ఆ పిల్ల కోటుకు గుండీ కుట్టుకుంటోంది. సూది పట్టుకోవడం కూడా రాదు.

నాకు ఒక అనుమానం ఉండేది. ఒక ఆశ అనాలి. కొత్త బోధనా పద్ధతులేవో వచ్చాయని, కావాలని తప్పు చేసి పిల్లల చేత దిద్దిస్తారని హెడ్మిస్ట్రెస్ ఒకసారి అంది. పద్ధతి అయితే నేర్చుకోవచ్చు. నేర్చుకోవడం నాకు కష్టం కాదు.

"ఆ భిన్నాల తప్పు... కావాలని చేశావు కదూ?"

"అయ్యో లేదండీ. నిజంగానే రాదు."

"పాపను మాట్లాడించడానికి కాదా?"

"అంత తెలివుంటే లెక్కల్లో పాసయ్యేదాన్నండీ." నవ్వింది. "పాపే నేర్పింది నాకు. ఇప్పుడు కూడికలు వచ్చు. గుణకారం చెప్తానంది, అంతలో..." ఆగిపోయింది.

అంతలో ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు.

"అంతమంది ముందు తప్పు చేస్తే సిగ్గేయదా?"

ఆ పిల్ల నిజంగా ఆలోచించింది. "వేస్తుందండీ. ఒక రెండు నిమిషాలు. తర్వాత ఎవరో ఒకరు నవ్వుతారు, అయిపోతుంది."

సూది తీసుకుని గుండీ నేనే కుట్టాను. చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఆగస్టు 30, బుధవారం

ఇవాళ బోర్డు మీద కావాలని తప్పు రాశాను. ఏడు ఎనిమిదులు యాభై నాలుగు.

అంకె వేయడానికి రెండుసార్లు చాక్‌పీసు ఎత్తాల్సి వచ్చింది. నా చేతికి అలవాటు లేదు. రాసి, పక్కకు జరిగి, పిల్లల వైపు తిరిగి నిలబడ్డాను. ఇప్పుడు బల్లలు చరుస్తారు. ఇప్పుడు పాప లేస్తుంది.

పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ రాసుకున్నారు. ముందు బెంచీలో ఒకడు పక్కవాడి వంక చూశాడు, నా వంక చూశాడు, రాసుకున్నాడు. పాప పెన్సిలు ఆగింది. తల ఎత్తి బోర్డు చూసింది. నన్ను చూసింది. దానికి తెలుసు. రెండో తరగతిలోనే దానికి ఎనిమిదో ఎక్కం వచ్చు, నేనే ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాను.

తల దించి రాసుకుంది. యాభై నాలుగు.

ఒక్కరైనా అంటారేమోనని చాలాసేపు నిలబడ్డాను. చివరికి డస్టరు తీసుకుని నేనే చెరిపేసి యాభై ఆరు వేశాను. వాళ్ళూ రబ్బరుతో చెరిపి యాభై ఆరు వేసుకున్నారు. డెబ్బై అని వేసినా వేసుకునేవాళ్ళు.

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక అడిగాను.

"తప్పని తెలిసి కూడా ఎందుకు రాశావమ్మా?"

"మీరు రాశారు కదా టీచర్."

గేటు దాటి చాలా దూరం వచ్చేశాం. ఆ సంగతి దానికి గుర్తులేదు. నేను గుర్తు చేయలేదు.

సెప్టెంబరు 1, శుక్రవారం

హెడ్మిస్ట్రెస్ గదిలో ఈసారి నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

"ఆ పిల్లను మళ్ళీ తరగతికి పిలిపించు."

"టీచర్‌గారూ, మీరే కదా..."

"నేనే."

"లెక్కలు రావని రాసుకెళ్ళాడాయన."

"రావు. నేను పక్కన కూర్చుంటాను. లెక్కకు జవాబుదారీ నాది, తరగతి ఆమెది. ఆయనకు అలాగే చెప్పు. కాదంటే నేనే మాట్లాడతాను."

"మీరు మాట్లాడితే ఆయన కాదనలేడులెండి" అని నవ్వేసి, వెంటనే నోరు మూసుకుంది. ఆరో తరగతిలోనూ ఇంతే. నవ్వి భయపడేది.

"నవ్వు, ఏం కాదు" అన్నాను. ఇంకా భయపడింది.

సెప్టెంబరు 6, బుధవారం

పాప పక్కన చివరి బెంచీలో కూర్చున్నాను. ఆ బెంచీ నా మోకాళ్ళకు చాలా ఇరుకు. నీలక్క బోర్డు దగ్గర. పిల్లల గోల గోడల్ని తాకుతోంది. నా వేళ్ళు ఊరికే ఉండలేక ఒడిలో ముడిపడ్డాయి. ఆమె అంకెలు వంకరగా వేస్తుంది. ఏడుకూ ఒకటికీ తేడా తెలియదు.

నాలుగు వందల మూడు నుంచి నూట డెబ్బై ఎనిమిది తీసేయాలి. ఆమె రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు చెరిపింది. "మధ్యలో ఈ సున్నా ఉంది చూశారూ, దీని దగ్గర అప్పు అడిగితే ఏం ఇస్తుంది పాపం! అమ్మమ్మగారూ, మీరు రారూ?"

బడిలో, తరగతిలో, అందరి ముందు అమ్మమ్మగారూ అంది. అరవాలనుకున్నాను. లేచి వెళ్ళాను.

అలాంటి లెక్క నేను నిద్రలో చేస్తాను. చాక్‌పీసు పట్టుకున్నాను. అప్పుడు వెనక నుంచి వినిపించింది, పాప నవ్వు. నేను లేచిన చోట ఆ పిల్ల కూర్చుంది. పాప ఆమె చెవిలో ఏదో చెబుతోంది. నా చెవి అటే పోయింది. ఏం చెబుతోంది? నా గురించా? నాకెప్పుడైనా అలా చెవిలో చెప్పిందా? చేయి దాని పని అది చేసుకుపోయింది. కింద గీత గీశాను. ఇటు తిరిగాను.

పిల్లలు పెన్సిళ్ళు తీశారు. రాసుకోబోతున్నారు.

"అమ్మమ్మా, తప్పు!"

పాప బెంచీ ఎక్కి నిలబడింది. చూపుడువేలు బోర్డు మీదికి చాచి ఉంది. బోర్డు చూశాను. రెండు వందల ముప్పై అయిదు. సున్నా తెచ్చుకున్న పదిలోంచి ఒకటి ఒకట్లకు ఇచ్చేసింది, అక్కడ తొమ్మిదే మిగలాలి. నేను పది అలాగే ఉంచేశాను. చిన్నపిల్లలు చేసే తప్పు. నిజమైన తప్పు.

చెవులు వేడెక్కాయి. తరగతి అంతా నా ముఖం చూస్తోంది. పాప కూడా చూసింది, తను ఏమన్నదో, ఎక్కడ అన్నదో అప్పుడే గుర్తొచ్చినట్టు. వేలు కిందికి దిగడం మొదలైంది.

చాక్‌పీసు ఉన్న చేయి చాచాను.

"అయితే వచ్చి దిద్దు."

బెంచీ దిగి వచ్చింది. నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకుంది. అరచేత్తో నా ముప్పైని చెరిపింది. ఇరవై వేసింది. రెండు వందల ఇరవై అయిదు. తరవాత, ఇంట్లో చెప్పినట్టు, మెల్లగా నాకొక్కదానికే చెప్పింది: "సున్నా కూడా అప్పిచ్చింది కదా అమ్మమ్మా. నువ్వు మర్చిపోయావు."

ఎవరో నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. రెండు నిమిషాలని ఆ పిల్ల చెప్పింది. అంతకన్నా కాస్త ఎక్కువే పట్టింది.

దారిలో పాప ఒక చేత్తో నా చేయి, ఇంకో చేత్తో నీలక్క చేయి పట్టుకుని నడిచింది. నీలక్క చేతిని ఎక్కువ ఊపింది. చూశాను. ఇంకా మండుతోంది, కానీ నడవగలిగాను.

కడుపునొప్పి లేదు. పాలు మానిపించాం కాబట్టి అని రాయను.

రాత్రి మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, "నువ్వు బోర్డు మీద తప్పు చేశావటగా! కావాలనే చేశావు కదమ్మా, పాప కోసం?" అంది. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని మరీ అడిగింది.

"మరి? నాకు తీసివేతలు రావనుకున్నావా?" అన్నాను.

ఇంట్లో అందరికీ అలాగే చెబుతాను. ఇక్కడ మాత్రం అబద్ధం రాయలేను.